ఎముకకు బలం ఎక్కడిది? విశాఖ విద్యార్థి పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు ఏటా జూలై, ఆగస్టు నెలల్లో ఒకే మాట పట్టుకుని వస్తారు: "మేడం, ఎముకల్ని బలపరిచే ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాం." అడిగే ప్రశ్నలు చాలావరకు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లోహశాస్త్రం చదివి జీవపదార్థాల వైపు వచ్చినదాన్ని, డాక్టర్ని కాను. మీ ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగినా, గుల్లబారినా ముందు ఎముకల వైద్యులకు చూపించండి. ఈ పేజీ ప్రయోగశాలలో పని మొదలుపెట్టబోయేవాళ్ల కోసం.

ఎముకను బలపరచడం అంటే అసలు దేన్ని బలపరచడం?

ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టు నాలుగో నెలకల్లా చిక్కుపడుతుంది. ఈ ఒక్క మాట కింద మూడు వేరువేరు పనులున్నాయి. ఒంట్లో ప్రాణంతో ఉన్న ఎముకను బలపరచడం ఒకటి. అది తిండి, ఎండ, కదలిక, మందుల పని. విరిగినచోటో, కణితి తీసేసినచోటో మిగిలిన ఖాళీని పూడ్చి, అక్కడ కొత్త ఎముక పెరిగేలా చేయడం రెండోది. ఎముక మోయాల్సిన బరువును లోహంతోనో పింగాణీ జాతి పదార్థంతోనో మోయించడం మూడోది.

మొదటిదాన్ని బీటెక్ విద్యార్థి ఏడాదిలో తేల్చలేడు. మనుషుల్ని ఏళ్ల తరబడి చూడాలి. రెండోదానిలోనూ మూడోదానిలోనూ మన ప్రయోగశాలల్లో చేయదగ్గ పని బోలెడుంది. మీది ఈ మూడింటిలో ఏదో నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకుని, దాన్ని దాటకండి.

ఎముక ఎంత గట్టిగా ఉంటే అంత బలం కదా?

కాదు. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేట్టయితే ఇది చదవండి.

కోడి కాలి ఎముకలు రెండు తీసుకోండి. ఒకదాన్ని వెనిగర్‌లో వారం రోజులు నానబెట్టండి, రెండు రోజులకోసారి వెనిగర్ మార్చండి. ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ అనే మాంసకృత్తు మిగులుతుంది. అప్పుడు ఎముక రబ్బరులా వంగుతుంది. రెండోదాన్ని తెల్లబడేదాకా నిప్పుల్లో కాల్చండి. ఈసారి కొల్లాజెన్ మాడిపోయి ఖనిజం మిగులుతుంది. ఆకారం చెదరదు గానీ వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. మన ఎముక ఈ రెండింటి పొత్తు. బరువులో ఇంచుమించు 65 శాతం ఖనిజం, 25 శాతం దాకా సేంద్రియ పదార్థం, మిగతాది నీరు. సేంద్రియ భాగంలో పదింట తొమ్మిది వంతులు కొల్లాజెనే. పాతకాలంలో మట్టిగోడ పెట్టేటప్పుడు వరిగడ్డి తరిగి కలిపేవారు కదా. గోడలో గడ్డి చేసే పనే ఎముకలో కొల్లాజెన్ చేస్తుంది. పగులు మొదలైనా ముందుకు పాకనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

మా నాన్నగారిది కనిగిరి దగ్గర పల్లె. ఆ ప్రాంతపు బావి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మనదేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. మా పెదనాన్నకు మెడ తిరిగేది కాదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవారు. ఎక్స్‌రేలో మాత్రం ఆయన వెన్నెముక సున్నం కొట్టినట్టు తెల్లగా, దట్టంగా కనిపించేది. ఖనిజం చాలక ఆయన కుంగిపోలేదు. ఎముక ఖనిజపు స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండాల్సినచోట ఫ్లోరైడ్ చేరింది. ఎముక కట్టే కణాలు అదుపు తప్పి, అల్లిక లేని ఎముకను పేర్చుకుంటూ పోయాయి. స్నాయువుల్లోకి కూడా సున్నం దిగింది.

ఇదే పాఠం మందుల పరిశోధనలోనూ ఎదురైంది. ముట్లుడిగిన తర్వాత ఎముకలు గుల్లబారిన మహిళలకు రోజుకు 75 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్‌ను నాలుగేళ్లు ఇచ్చి చూసిన అమెరికా పరిశోధన 1990లో అచ్చయింది. నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడమైతే పెరిగింది.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి బృందానికీ ఒకే షరతు పెడతాను. గట్టిదనం కొలిచి బలం అని రాయకండి. గీత పడకపోవడం, వంగకపోవడం, విరిగేలోపు మోయగలిగిన బరువు, పగులును ఆపగలగడం, ఈ నాలుగూ నాలుగు వేరువేరు గుణాలు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గవచ్చు.

ఎముక లోపల బోలుగా ఉండటం బలహీనత కాదా?

మెకానికల్ పిల్లలకు నచ్చే ప్రశ్న ఇది. లెక్క చేసి చూడండి. 20 మి.మీ. వ్యాసమున్న నిండు కడ్డీ ఒకటి. బయటి వ్యాసం 25, లోపలి వ్యాసం 15 మి.మీ. ఉన్న గొట్టం ఇంకొకటి. రెండింటి అడ్డుకోత వైశాల్యం సరిగ్గా ఒకటే, అంటే పట్టే పదార్థం ఒకటే. కానీ వంపును తట్టుకోవడంలో గొట్టం కడ్డీకన్నా 2.1 రెట్లు బిగువు, విరిగేలోపు మోయగలిగే వంపు భారం 1.7 రెట్లు ఎక్కువ. వెదురు నిలబడేదీ, మన తొడ ఎముక నిలబడేదీ ఈ లెక్క మీదే. వయసు మీరేకొద్దీ లోపలి అంచు కరుగుతూ ఉంటే బయటి అంచున కొద్దికొద్దిగా ఎముక చేరుతూ ఉంటుంది. పోయిన పదార్థానికి ఒంట్లో జరిగే సర్దుబాటు అది.

పెద్దయ్యాక ఎముక ఇక మారదు కదా, బలపరచడానికి ఏముంటుంది?

మారుతూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టు కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, ఆస్టియోబ్లాస్టులు వెనకే వచ్చి కొత్తది కడుతుంటాయి. పెద్దవాళ్లలో అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. ఎక్కడ కట్టాలో, ఎక్కడ కరిగించాలో ఎముకలో కూరుకుపోయి ఉన్న ఆస్టియోసైట్ కణాలు బరువును పసిగట్టి చెబుతాయి. బరువు పడినచోట ఎముక పెరుగుతుందనీ, పడనిచోట తరుగుతుందనీ జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అంతరిక్షంలో బరువే తెలియని వ్యోమగాములకు తుంటి, నడుము ప్రాంతాల్లో నెలకు 1 నుంచి 1.5 శాతం ఎముక తరిగిపోతుంది. మంచం పట్టిన మనిషికీ ఇదే జరుగుతుంది, కాస్త నెమ్మదిగా.

ఎముకలు గుల్లబారకుండా మందులున్నాయి కదా, మళ్లీ పరిశోధన ఎందుకు?

ఉన్నాయి, పని చేస్తాయి. కరిగించే కణాలను నెమ్మదింపజేసేవి ఒక రకం, అలెండ్రోనేట్ లాంటివి. కట్టే కణాలను ఉత్సాహపరిచేవి ఇంకో రకం, టెరిపారటైడ్ లాంటివి. అయితే కరిగించడాన్ని మరీ ఎక్కువ ఏళ్లు ఆపితే పాత ఎముకలో సన్నని పగుళ్లు బాగుపడక, అరుదుగా తొడ ఎముక మధ్యలో విరుగుతుంది. కరగడం కూడా ఆరోగ్యంలో భాగమే. మందుల మీద పని ఫార్మసీ, వైద్య విద్యార్థులది. దాని గురించి ఇంతకన్నా రాసే అర్హత నాకు లేదు.

మేం ఇంజినీరింగ్ విద్యార్థులం. ఫిషింగ్ హార్బరులో పారేసే చేప ఎముకలతో ఎముక పదార్థం తయారుచేయవచ్చా?

చేయవచ్చు. విశాఖలో ఉండి ఈ పని చేయకపోతే లోటే. చేప ఎముకలోనూ మన ఎముకలోనూ ఉన్న ఖనిజం ఒకే కుటుంబానిది. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అది. అందులో కాల్షియం, ఫాస్ఫరస్ అణువుల నిష్పత్తి 1.67. ఈ అంకె కంఠతా ఉండాలి.

చేప ఎముకల దారి ఇలా ఉంటుంది. ఒకే రకం చేప ఎంచుకోండి, వంజరమో తూరో. నాలుగు రకాలు కలిపేస్తే ఏ గుణం దేనిదో తెలియదు. ఉడకబెట్టి, కండంతా గీకి, ఎండబెట్టి, మఫుల్ ఫర్నేసులో పెట్టాలి. 500, 600 డిగ్రీల దగ్గర ఇంకా బూడిదరంగు మిగిలిందంటే సేంద్రియ పదార్థం పూర్తిగా పోలేదన్నమాట. 800, 900 డిగ్రీలకు తెల్లబడుతుంది. వాసన భరించలేరు, పొగ పోయే దారి ఉన్న గదిలోనే చేయండి. సముద్రపు చేప ఎముకలో మెగ్నీషియం, స్ట్రాన్షియం లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. ప్రయోగశాలలో రసాయనాలతో చేసిన పొడిలో ఇవి ఉండవు. నా లెక్కలో చేప ఎముక విలువంతా అక్కడే ఉంది.

కోడిగుడ్డు పెంకు దారి వేరు. పెంకులో ఫాస్ఫేట్ దాదాపు ఉండదు, 94 శాతం దాకా కాల్షియం కార్బొనేటే. దాన్ని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే పొడిసున్నం అవుతుంది. నీళ్లు కలిపితే తడిసున్నం. అప్పుడు వేడి బాగా పుడుతుంది, రక్షణ కళ్లద్దాలు లేకుండా దగ్గరికి వెళ్లకండి. 74 గ్రాముల తడిసున్నానికి 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 69 గ్రాములు పడుతుంది. నూటికి నూరుపాళ్లు జరిగితే 100 గ్రాముల హైడ్రాక్సీఅపటైట్ రావాలి. ఆమ్లాన్ని పలచబరిచి, చుక్క చుక్కగా, కలుపుతూ, పీహెచ్ 10 దిగకుండా అమ్మోనియాతో కాచుకుంటూ వేయాలి. తర్వాత ఒక రోజంతా కదపకుండా ఉంచి, వడకట్టి, కడిగి, ఆరబెట్టాలి.

ఈ చుక్కల దగ్గరే అందరికీ ఓపిక నశిస్తుంది. ఒకసారి ఆడపిల్లల బృందానికి ఆఖరి బస్సు తప్పిపోతుందని నేనే తొందరపెట్టాను. మిగిలిన ఆమ్లం ఒక్కసారిగా పోశారు, పీహెచ్ 7కి జారింది. పొడి చూడటానికి తెల్లగా, చక్కగా ఉంది. 1100 డిగ్రీలకు వేడి చేశాక చూస్తే సగానికి పైగా బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్. అది చెడ్డ పదార్థం కాదు, ఒంట్లో త్వరగా కరిగే ఎముక పూరకంగా వాడతారు. కానీ వాళ్లు చేయాలనుకున్నది అది కాదు. మూడు వారాల పని మళ్లీ చేశారు. అప్పటినుంచీ ఈ పని పొద్దున్నే మొదలుపెట్టిస్తున్నాను.

ఇంకొక జాగ్రత్త మన ఊరిది. సముద్రపు గాలికి, ఉక్కపోతకు పొడిసున్నం నిమిషాల్లో తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. బరువు తప్పితే నిష్పత్తి తప్పుతుంది. ఫర్నేసు నుంచి తీసింది తీసినట్టు తేమ చేరని పాత్రలో, అంటే డెసికేటరులో పెట్టి, చల్లారగానే తూచండి.

బీచ్‌లో దొరికే పగడాలు, గవ్వలు వాడవచ్చా?

పగడాల జోలికి వెళ్లకండి. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, ఏరుకోవడమే నేరం. కొన్ని రకాల గవ్వలు, శంఖాలకూ ఇదే వర్తిస్తుంది. పగడాన్ని హైడ్రాక్సీఅపటైటుగా మార్చవచ్చని 1974లోనే చూపించారు, ఆ ప్రయోగం మళ్లీ చేసి మనం నిరూపించేదేమీ లేదు. హోటళ్లలో తిని పారేసే ఆల్చిప్పలు కావలసినన్ని దొరుకుతాయి.

తయారైంది హైడ్రాక్సీఅపటైటే అని ఎలా తెలుస్తుంది?

తెల్లగా ఉందని కాదు. ఎక్స్‌ఆర్‌డీ చేయించాలి. ఎక్స్ కిరణాలు స్ఫటికం నుంచి ఏ కోణంలో చెదురుతాయో చూసి అది ఏ పదార్థమో చెప్పే పరీక్ష అది. రాగి కిరణాలతో తీస్తే 31.8 డిగ్రీల కోణం దగ్గర పెద్ద శిఖరం, 25.9 దగ్గర ఇంకొకటి కనబడాలి. 31.0 దగ్గర శిఖరం లేచిందంటే పైన చెప్పిన బీటా రకం చేరిందని అర్థం. ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కిరణాల పరీక్షలో) ఫాస్ఫేట్ పట్టీలతో పాటు 1450 దగ్గర కార్బొనేట్ కనిపిస్తే కంగారుపడకండి. మన ఎముకలోనూ కార్బొనేట్ ఉంటుంది.

కాల్షియం, ఫాస్ఫరస్‌ల పాళ్లు తేల్చడానికి ఖరీదైన యంత్రం లేకపోయినా పని జరుగుతుంది. కాల్షియాన్ని ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలవండి. ఫాస్ఫరస్‌ను ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతిలో కొలవండి. ఆ సుబ్బారావ్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో ఆయన రూపొందించిన పద్ధతి 1925లో అచ్చయింది. మాలిబ్డేట్ కలిపి నీలిరంగు తెప్పించి, రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ ఎంతో చెబుతుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవడానికి పుట్టిన పద్ధతి ఇది. నూరేళ్లు దాటింది. మామూలు కలరీమీటరు చాలు. పిల్లలు ఈ పద్ధతి చేస్తున్నప్పుడు నేను ఆయన పేరు తప్పకుండా చెబుతాను. గొట్టంలో నీలం తేలగానే వాళ్ల ముఖాల్లో వచ్చే వెలుగు చూడాలి.

ఒంట్లో పెట్టకుండానే పదార్థం ఎముకతో కలిసిపోతుందో లేదో చెప్పగలమా?

కొంతవరకు. రక్తద్రవంలోని లవణాలను అదే పాళ్లలో కలిపి చేసిన కృత్రిమ ద్రవంలో ముక్కను 36.5 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.4 దగ్గర 7, 14, 28 రోజులు ఉంచి, దాని మీద అపటైట్ పొర పెరుగుతుందో లేదో చూస్తారు. జపాన్ శాస్త్రవేత్త కొకుబో బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. లవణాలను చెప్పిన వరుసలోనే కలపాలి. వరుస తప్పితే ద్రవం పాలలా విరుగుతుంది. గాజు సీసా వాడకండి, గాజు గోడ మీదే అపటైట్ మొలుస్తుంది. ప్లాస్టిక్ సీసా వాడాలి.

అయితే ఈ ద్రవంలో కణాలు లేవు, మాంసకృత్తులు లేవు. పొర వచ్చిందంటే ఎముక అతుక్కోవచ్చన్న సూచన మాత్రమే. తర్వాతి మెట్టు కణాల పరీక్ష. పూణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం నుంచి ఎంజీ-63 లాంటి మనిషి ఎముక కణితి కణాలు తెప్పించుకోవచ్చు. కానీ కణాలను పెంచడం తెలిసిన బయోటెక్నాలజీ విద్యార్థిని బృందంలో చేర్చుకోకుండా ఆ మెట్టు ఎక్కకండి.

ఎముకను 3డీ ప్రింట్ చేయవచ్చా?

ఎముకను కాదు, ఎముక పాకడానికి పందిరిని. కొత్త ఎముకా, దానికి రక్తనాళాలూ లోపలికి పాకాలంటే రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. 100 మైక్రాన్లకన్నా సన్నగా ఉంటే కష్టం, 300 నుంచి 500 మధ్య బాగుంటుందని చాలామంది అనుభవం. రంధ్రాలు పెరిగేకొద్దీ పందిరి బలం పడిపోతుంది. మీ ప్రాజెక్టు ప్రశ్న అక్కడే పుడుతుంది. కాలేజీ ప్రింటరులో వచ్చే మామూలు ప్లాస్టిక్, అంటే పీఎల్‌ఏ తీగతో ఆకారాన్ని, బలాన్ని పరీక్షించవచ్చు. ఆ తీగలో రంగులు, ఇతర కలుపులు ఉంటాయి కాబట్టి కణాల పరీక్షకు అది పనికిరాదు. వానాకాలంలో ఇక్కడ తీగ తేమ పట్టి, ప్రింటు అయ్యేటప్పుడు చిటపటమని బుడగలొస్తాయి. ముందు రాత్రి ఓవెన్‌లో 45, 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

లోహం ఎముకకన్నా బలమైనది కదా, అదే పెడితే సరిపోదా?

స్టీలు ఊళ్లో ఉండి ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యం. తొడ ఎముక గట్టి గోడ బిగువు 17 నుంచి 20 గిగాపాస్కల్స్. వైద్యంలో వాడే టైటానియం మిశ్రలోహానిది 110 దరిదాపుల్లో, స్టెయిన్‌లెస్ స్టీలుది 190 పైన. అంత బిగువైన పలక పక్కన ఉంటే బరువంతా అదే మోసేస్తుంది. పని లేని ఎముక దాని కింద పలచబడుతుంది. వోల్ఫ్ చెప్పిందే. అందుకే లోహం బలం పెంచడంకన్నా దాని బిగువు తగ్గించడం పెద్ద పరిశోధనగా మారింది. లోహంలో రంధ్రాల జాలీ అల్లడం, బిగువు తక్కువైన టైటానియం మిశ్రమాలు వెతకడం అందులోవే. టైటానియానికి ఎముక అంటుకుపోతుందన్న సంగతి స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకల్లో గమనించాడు. 1965లో మనిషి దవడలో పెట్టాడు.

పరీక్షకు మనిషి ఎముక దొరుకుతుందా?

మీ అంతట మీరు ఎక్కడా తీసుకోకూడదు, కొనకూడదు. తుంటి మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన తొడ ఎముక తల భాగాన్ని పరిశోధనకు ఇచ్చే పద్ధతి ఉంది. దానికి రోగి రాతపూర్వక అంగీకారం, ఆసుపత్రి నైతిక కమిటీ అనుమతి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కాగితాలు, మీ తరఫున ఒక వైద్య అధ్యాపకుడి బాధ్యత, అన్నీ కావాలి. ఎలుకల మీద ప్రయోగానికి జంతు నైతిక కమిటీ అనుమతి వేరే. ఇవి అడ్డంకులని విసుక్కునేవాళ్లను చూశాను. ఆ ఎముక ఒక మనిషిది, ఆ మనిషికి ఇల్లూ పిల్లలూ ఉన్నారు. వాళ్ల అనుమతి అడగడం మన పనిలో మొదటి భాగం.

మరి బలం దేని మీద పరీక్షించాలి?

మాంసం కొట్టులో దొరికే కోడి, మేక ఎముకలు. మీ ప్రయోగం చాలావరకు వీటితోనే గడిచిపోతుంది. ఒకే కొట్టులో, ఒకే రోజు కొనండి. ఉడికించకండి, ఎండనివ్వకండి. ఎండిన ఎముక తడిదానికన్నా బిగువుగా ఉంటుంది కానీ పెళుసుగా విరుగుతుంది. ఉప్పునీళ్లలో, అంటే సెలైన్‌లో తడిపిన గుడ్డ చుట్టి, సంచిలో పెట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో ఉంచి, పరీక్షకు ముందు కరిగించండి.

ఇక నేను అందరికీ చెప్పే కిటుకు: ఒకే కోడి కుడి కాలు, ఎడమ కాలు జతగా వాడండి. కుడిదానికి మీ పద్ధతి, ఎడమదానికి ఏమీ లేదు. కోడికీ కోడికీ మధ్య తేడా లెక్కలోంచి దానంతటదే తప్పుకుంటుంది. రెండు చివరలా ఆనించి మధ్యలో నొక్కే మూడు బిందువుల వంపు పరీక్ష చేసి, విరిగినచోట బయటి, లోపలి వ్యాసాలు వెర్నియర్‌తో కొలవండి. యంత్రం దొరకకపోతే బకెట్ వేలాడదీసి ఇసుక పోస్తూ కూడా మొదటి అంచనాకు రావచ్చు. మూడు జతలు విరగ్గొట్టి గ్రాఫు గీసి తెస్తే నేను చూడను. కనీసం పది జతలు కావాలి.

నల్లేరు ఎముకల్ని అతికిస్తుందంటారు. నిజమా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. మా అమ్మ నల్లేరు పచ్చడి చేస్తుంది. కణుపులు తీసేసి, నూనెలో బాగా వేయించి, చింతపండు గట్టిగా వేస్తుంది, లేకపోతే నోరు దురద. ఆ దురద కాల్షియం ఆక్సలేట్ సూదులది. సంస్కృతంలో దీన్ని అస్థిసంహారి అన్నారు. ఇక్కడ సంహారం అంటే చంపడం కాదు, కూర్చడం. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ అనే పరిశోధకులు విరిగిన ఎముకలు అతుక్కోవడంలో నల్లేరు పాత్రను జంతువుల్లో పరీక్షించి 1964లో ఫలితాలు అచ్చువేశారు. అతుకు త్వరపడిందని రాశారు. ఆ తర్వాత కూడా పని జరుగుతూనే ఉంది.

"నల్లేరులో కాల్షియం ఉంది కాబట్టి ఎముకకు మంచిది" అని మాత్రం రాయకండి. ఆక్సలేటుగా బిగుసుకున్న కాల్షియం మన పేగుకు దక్కేది తక్కువ. పని చేస్తున్నది వేరే ఏదో అయి ఉండాలి. ఏ సారం, ఏ మోతాదు, ఏ కణం మీద అన్నది ప్రశ్న. ఎముక కణాల్లో ఎముక కట్టే పనికి గుర్తైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరుగుతుందో లేదో చూడటం ఎమ్మెస్సీ విద్యార్థికి తగిన పని. సామెత ఎలా ఉన్నా ఈ ప్రాజెక్టు నల్లేరు మీద బండి నడక కాదు. కాడ కోసిన నెల, ఊరు మారితే సారం మారుతుంది.

ప్రాజెక్టు సంగతి సరే, మా ఇంట్లోవాళ్ల ఎముకలకు ఏం చేయాలి?

ఇది తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతారు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం కావాలని ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పాయి. మన చోళ్లలో, అంటే రాగుల్లో, 100 గ్రాములకు 350 మి.గ్రా. దరిదాపుల్లో ఉంటుంది. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం పెరుగు, వారంలో రెండుసార్లు ముళ్లతో సహా నమిలి తినే ఎండు నెత్తళ్లు, కూరల్లో నువ్వుల పొడి, మునగాకు. ఉత్తరాంధ్ర వంటింట్లో లేనిదేమీ లేదు. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు. ఇంత ఎండ ఉన్న ఊళ్లో కూడా ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు డి తక్కువే ఉంటోంది. పొద్దున ఆరింటి ఎండ చాలదు. డి తయారయ్యే కిరణాలు పది గంటల తర్వాతే బాగా వస్తాయి.

పిల్లల్ని గెంతనివ్వండి. జీవితాంతానికి సరిపడే ఎముకలో పదింట తొమ్మిది వంతులు ఇరవై ఏళ్లు వచ్చేలోపే పోగవుతుంది. ఈత ఊపిరికి మంచిది కానీ నీళ్లు బరువు మోస్తాయి కాబట్టి ఎముకకు అంతగా పని పెట్టదు. తొక్కుడుబిళ్ల, తాడాట, కబడ్డీ పెడతాయి.

విశాఖలో ఎవరిని అడగాలి? డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

పెదగంట్యాడ వైపు ఉన్న ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో 3డీ ప్రింటింగ్, జీవపదార్థాల పరీక్షల సదుపాయాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు, ఇంజినీరింగ్ విభాగాల్లో విశ్లేషణ యంత్రాలున్నాయి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఎముకల విభాగం వైద్యులతో ఒక గంట మాట్లాడితే నెల రోజుల చదువుతో సమానం. ఎక్కడికి వెళ్లినా మీ గైడు సంతకంతో ఉత్తరం, పరీక్షించాల్సిన నమూనాల సంఖ్య, మీరు తెలుసుకోవాలనుకున్నది ఒక్క వాక్యంలో పట్టుకెళ్లండి. ఎంబీబీఎస్, బీడీఎస్ చదివేవాళ్లకు ఐసీఎంఆర్ స్వల్పకాలిక పరిశోధన వేతనం ఉంది. బడి పిల్లల ఆలోచనలకు ఇన్‌స్పైర్-మానక్ అనే కేంద్ర పథకం కింద 10,000 రూపాయలు ఇస్తారు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఏం చేయవచ్చు?

పైన చెప్పిన వెనిగర్ ప్రయోగాన్నే కొలతలతో చేయండి. రోజూ ఎముక బరువు తూచి, ఎంత వంగుతోందో కొలిచి, గ్రాఫు గీయండి. కూల్‌డ్రింకు, నిమ్మరసం, మజ్జిగ వేరువేరు గ్లాసుల్లో పోసి పోల్చండి. కానీ కూల్‌డ్రింకులో ఎముక కరిగింది కాబట్టి తాగితే మన ఎముక కరుగుతుందని రాయకండి. అది కడుపులోకి వెళ్తుంది, ఎముక మీద పడదు.

నివేదికలో జాగ్రత్తపడాల్సిన మాటలేవి?

"మా పదార్థం ఎముకను బలపరుస్తుంది." ఇదొక్కటి ఎక్కడా ఉండకూడదు. మీరు చూసిందేమిటో అదే రాయండి: ఇన్ని డిగ్రీల దగ్గర, ఇన్ని గంటలు కాల్చిన వంజరం ఎముక పొడితో చేసిన బిళ్ల, ఇంత ఒత్తిడి దగ్గర పగిలింది, పది బిళ్లల్లో ఇంత తేడా వచ్చింది. పగిలిన బిళ్లల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక రోగి కొడుకు మీ నివేదిక ఫోనులో చదివి, వాళ్లమ్మకు ఆ పొడి తినిపించవచ్చు. అతన్ని తలుచుకుని ప్రతి వాక్యం రాయండి.

మొత్తం ఎంతకాలం పడుతుంది?

ఆగస్టులో మొదలుపెడితే పొడి తయారీకి, సరిచూడటానికి రెండు నెలలు. బిళ్లలు నొక్కి, 1100 నుంచి 1200 డిగ్రీల దగ్గర కాల్చి గట్టిపరచడానికి ఒక నెల, ఎందుకంటే మొదటి దఫా బిళ్లలు పగులుతాయి. కృత్రిమ ద్రవంలో 28 రోజులు నానాలి, దాన్ని తగ్గించే దారి లేదు. సంక్రాంతి సెలవుల్లోపు ముక్కలు ద్రవంలో పడాలి, ద్రవం మార్చేందుకు ఒకరైనా ఊళ్లో ఉండాలి. ఎవరు ఉంటారో దసరాకే మాట్లాడుకోండి. ఎక్స్‌ఆర్‌డీ వరుసలో మీ నమూనాల పేర్లు నవంబరులోనే రాయించండి. ఫిబ్రవరిలో అందరూ ఒకేసారి వస్తారు.